వెనక బెంచీ తాత

"వంటింట్లో ఒక భార్య ఉంది," అన్నాడు వెనక బెంచీ తాత, స్పానిష్‌లో.

క్లాసంతా గొల్లుమంది.

టీచరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

"తాతగారూ, 'ఒక భార్య' ఏమిటండీ? మీకెంతమంది ఉన్నారేమిటి?"

"ఒక్కతేనమ్మా."

"మరి 'అయ్' అనకూడదు. ఏదో ఒకటి ఉంది, ఎవరో ఒకరు ఉన్నారు అని చెప్పడానికే 'అయ్'. కుర్చీ ఉంది, బల్ల ఉంది, వీధిలో ఎవరో ఉన్నారు. మన మనిషికి మాత్రం 'ఎస్తా' అనాలి. నా భార్య వంటింట్లో ఉంది. ఏదీ, అనండి."

"నా భార్య వంటింట్లో ఉంది," అన్నాడు తాత, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"ఇంకోసారి."

తాత బుద్ధిగా ఇంకోసారి అన్నాడు.

ఆ ఊళ్ళో స్పానిష్ నేర్పే చోటు అదొక్కటే. బ్యాంకు మేడ మీద ఇరుకు గది, శనివారం ఉదయం ఒక గంట. మొదటి తరగతి వరకే నడిచేది. రెండో తరగతికి ఏనాడూ జనం చాలలేదు.

టీచరమ్మ ఆ భాష మాట్లాడే దేశంలో పదేళ్ళు బతికి వచ్చింది. అక్కడున్నప్పుడు ఆమెకు కలలు కూడా ఆ భాషలోనే వచ్చేవి. ఇక్కడికి వచ్చి ఏడేళ్ళయింది, ఆ భాషలో మనసు విప్పి నాలుగు మాటలు చెప్పుకుందామంటే మనిషి దొరకలేదు.

వచ్చిన కొత్తలో లైబ్రరీ బోర్డు మీద చీటీ అంటించింది.

'స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వారానికి ఒక గంట కబుర్లు చాలు.'

కాగితం పసుపెక్కింది కానీ ఉన్నామని ఒక్కరూ పలకలేదు.

అప్పటినుంచి కుక్కర్‌తోనూ, ఇస్త్రీపెట్టెతోనూ మాట్లాడుకునేది. పక్కింటావిడ ఒకరోజు, "ఇంట్లో ఎవరైనా చుట్టాలున్నారా అండీ?" అని కూడా అడిగింది.

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఆశ పుట్టేది. ఇంతమందిలో ఒక్కరైనా కబుర్లదాకా రాకపోతారా అనుకునేది. సర్టిఫికెట్ చేతిలో పడగానే అందరూ పిట్టల్లా ఎగిరిపోయేవారు.

తాత మాత్రం ఎగరలేదు. నాలుగుసార్లు పరీక్ష తప్పి, నాలుగుసార్లూ మళ్ళీ చేరాడు.

"వచ్చినవాళ్ళు ఉండరు, ఉన్నవాళ్ళకు రాదు. నా ఖర్మ," అని గొణుక్కునేది టీచరమ్మ.

ఒకరోజు క్లాసు గది తాళం ఎంతకీ తెరుచుకోలేదు. చుట్టూ ఎవరూ లేరు కదా అని ఆ తాళాన్నీ, దాని ఏడుతరాలనీ స్పానిష్‌లో కడిగిపారేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే మెట్ల మీద తాత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"పొలమారిందమ్మా," అన్నాడు.

అయిదోసారి కూడా పాఠం 'ఒక భార్య' దగ్గరికే వచ్చింది. ఆ రోజు టీచరమ్మకు ఓపిక నశించింది.

"రెండేళ్ళయింది తాతగారూ. ఇంకా ఇక్కడే ఉన్నాం. ఈ వయసులో ఈ అవస్థ ఎందుకండీ మీకు? హాయిగా ఇంట్లో కూర్చోకూడదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తాత తల వంచుకున్నాడు. "ఇంకొక్కసారి దిద్దమ్మా. ఈసారి గుర్తుంచుకుంటాను."

ఆమె వినిపించుకోనట్టు బోర్డు తుడవడం మొదలుపెట్టింది.

తరువాతి శనివారం తాత రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అంత మాట అనకుండా ఉండాల్సిందని టీచరమ్మ మనసు పీకుతూనే ఉంది.

మూడో శనివారం క్లాసు అయిపోయాక ఒకావిడ గుమ్మంలో నిలబడింది.

"వెనక బెంచీలో కూర్చునే ఆయన మా నాన్నండీ. బుధవారం పోయారు. ఆస్పత్రిలో ఉన్నప్పుడే చెప్పారు, మీకు కబురు చెయ్యమని. లేకపోతే క్లాసు ఎగ్గొట్టాననుకుంటారట."

టీచరమ్మ చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఎంత కష్టపడేవారో పాపం. భాష పట్టుబడలేదు గానీ..."

"ఏ భాష?"

"స్పానిష్."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"మా అమ్మది స్పానిష్ మాట్లాడే దేశమేనండీ. నలభై ఏళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నా పోట్లాడుకున్నా అందులోనే. మాకు అర్థమైపోతుందని మాకు నేర్పనే లేదు. అమ్మ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచీ నాన్నకి ఆ భాషలో పలికేవాళ్ళే లేరు."

టీచరమ్మ వెనక బెంచీ వైపు చూసింది.

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదే?"

"నేనూ అదే అడిగానండీ. పెళ్ళయిన కొత్తలో అమ్మ కూడా ఇలాగే నాన్న తప్పులు దిద్ది, ఇంకోసారి అనమనేదట. 'నాకు వచ్చని తెలిస్తే టీచరమ్మ దిద్దడం మానేస్తుందే' అన్నారు."

ఆవిడ నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయింది.

ఏ మనిషి కోసం ఏడేళ్ళుగా ఎదురుచూసిందో, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండేళ్ళపాటు 'కుర్చీ ఉంది, బల్ల ఉంది' అని వల్లె వేయించింది టీచరమ్మ.