మూడో తోటలో మొదటి గ్లాసు

వ్యాను మూడో వైనరీ గేటు ముందు ఆగినా ఫణీంద్ర వెంటనే దిగలేదు. ఇరవై రెండేళ్ల కిందట అతని తండ్రిని ఈ తోటలోనే వేటకొడవళ్లతో నరికారు. అప్పుడిది మిరప చేను. ఇప్పుడు ద్రాక్ష పందిళ్లు, సిమెంటు అరుగు, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు ఫొటోలు దిగడానికి ఒక ఊయల.

"దిగుదామా సార్? మీరు వద్దంటే వ్యాను తిప్పేస్తా" అంది తహసీన్. వినుకొండ చుట్టుపక్కల కొత్తగా వెలిసిన చిన్న చిన్న వైనరీలన్నీ తిప్పి చూపించే టూరు ఆమెది.

"తిప్పొద్దమ్మా. రాజీకి పిలిచారు, వెళ్దాం. నాకూ ఒక కొడుకున్నాడు. ఈ పగ వాడి దాకా రాకూడదు" అన్నాడు ఫణీంద్ర.

వైన్ రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడం అతని ఉద్యోగం. ఆ పనిలో ఉన్నవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు. అన్నీ మింగితే సాయంత్రానికి నిలబడే ఓపిక ఉండదు. పొద్దున చూసిన రెండు వైనరీల్లో మాత్రం అతను చుక్క వదలకుండా మింగాడు. ఒకరి వాకిట్లో ఉమ్మితే పల్నాడులో దాని అర్థమేమిటో అక్కడ పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

అరుగు మీద అమరేశ్వరరావు ఎదురుచూస్తున్నాడు. ఫణీంద్ర తండ్రిని నరికిన కేసులో ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి. పక్కన కొడుకు యల్లమంద. చుట్టూ ముప్పై మంది బంధువులు. అంతమందికి పీపాల్లోంచి వంచి పొయ్యడం కష్టమని, కొట్టంలో మిరప సాగు నాటి నుంచీ ఉన్న పెద్ద నీలం డ్రమ్మును సర్ఫు వేసి మూడుసార్లు కడిగి, వైనంతా అందులో పోసి, గ్లాసులు ముంచి అందరికీ ఇచ్చారు. గోడకు గడ్డపారలు, పందిరి రాడ్లు ఆనించి ఉన్నాయి. రాజీకి పిలిచినా ఆ ఊరివాళ్లు ఉత్త చేతులతో రారు.

రాజీ పద్ధతి సులువే. వచ్చినవాడు ముందు తాగుతాడు. ఆ గ్లాసులో మిగిలింది ఇంటివాడు తాగుతాడు. ఆ తర్వాతే మిగతావాళ్లు. ఎంగిలి కలిస్తే పగ పోయినట్టు.

"తాగు అబ్బాయ్" అన్నాడు అమరేశ్వరరావు. "మీ నాయన విషయంలో చానా తప్పు చేశా."

ఫణీంద్ర గ్లాసు అందుకున్నాడు. వాసన చూడలేదు. చూస్తే అనుమానించినట్టు ఉంటుందని సగం గ్లాసు ఒక్కసారిగా నోట్లో పోసుకున్నాడు.

మరుక్షణం అతని ముఖం మారిపోయింది. నోట్లో ఉన్నదంతా బయటికి ఉమ్మాడు. అది అమరేశ్వరరావు పంచె మీద పడింది.

చేతిలో గ్లాసును అరుగుకేసి పగలగొట్టాడు. "తాగొద్దు" అని అరిచాడు. "ఎవరూ తాగొద్దు. పారబొయ్యండి."

"ఏందిరా?" యల్లమంద చేతిలోకి రాడ్డు వచ్చింది. "మా నాయన మీద ఉమ్మి, మా వాళ్లనే తాగొద్దంటావా?"

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. రెండోది దవడ మీద. దవడ విరిగాక ఫణీంద్ర నోట మాట రాలేదు. నెత్తురు కక్కుతూ పాక్కుంటూ వెళ్లి భుజంతో డ్రమ్మును కూలదోశాడు. వైన్ అరుగంతా పారింది.

ఇక ఆపేదెవరు? ముప్పై మందీ గ్లాసులు విసిరేసి గడ్డపారలు అందుకున్నారు. "ఆయన చెప్పేది వినండన్నా" అంటూ అడ్డం వచ్చిన తహసీన్‌ను ఎవరో జుట్టు పట్టి అవతలికి ఈడ్చేశారు. "ఒరేయ్, ఆపండ్రా" అన్న అమరేశ్వరరావు మాట కన్నకొడుకే వినలేదు. ఫణీంద్ర పక్కటెముకలు విరిగాయి. తల మీద గడ్డపార పడ్డాక అతను కదల్లేదు.

జనం తలో దిక్కూ పరుగెత్తారు. యల్లమంద పరుగెత్తలేదు. రొప్పుతూ అరుగెక్కి, అక్కడ మిగిలిన ఒకే ఒక నిండు గ్లాసు ఎత్తాడు.

"మా వైను నీకు పనికిరాలేదా? ఇదిగో, నేను తాగుతున్నా చూడు" అని శవం వైపు తిరిగి, కళ్లు మూసుకుని గడగడా తాగేశాడు.

మర్నాడు రెండు శవాలనూ కోసి చూసిన డాక్టరు, దెబ్బలకు చచ్చినవాడి నోట్లోనూ, అతన్ని చంపినవాడి కడుపులోనూ ఉన్నది మిరప చేలకు కొట్టే ఒకే పురుగుమందని రాశాడు.