మూడు హెడ్‌ఫోన్లు

"గిది గూడ పనికిరాదు బేటీ," అని మనవరాలితో అంటూ ఖాలిక్ రెండో హెడ్‌ఫోన్ చెవుల మీది నుంచి తీశాడో లేదో, ఎదురుగా మైకు ముందు కూర్చున్న భార్య షహజాది బేగం అందుకుంది.

"అజీ, పొద్దుగాల సంది కండ్లకు సుర్మా వెట్టుకొని కూసున్న. నన్ను నోరు తెరవనిస్తవా లేదా?"

"రేడియోల సుర్మా ఎవలు జూస్తరే?"

"రేడియో గాదు దాదా, పాడ్‌కాస్ట్," అంది మనవరాలు ఆఫ్షీన్ నవ్వుతూ. "నెట్ల వెడితే ఎవలికి ఎప్పుడు బుద్ధైతే అప్పుడు ఇంటరు."

ఆ ఎండాకాలం శామీర్‌పేటలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. ఆఫ్షీన్ కావాలనే ఆ వేళ ఎంచుకుంది. ఫ్యాను, ఫ్రిజ్జు, పక్కింటి బోరు మోటారు, ఎదుటి పిండిగిర్ని అన్నీ ఒకేసారి నోరు మూసుకునే సమయం అదొక్కటే. రోడ్డు మీది లారీల మోత కూడా లోపలికి రాకుండా కిటికీకీ తలుపుకీ బొంతలు కట్టింది. ఇంజనీరింగ్ చదువుతున్న ఆ పిల్లకు ఊరి పెద్దల ముచ్చట్లు రికార్డు చేయాలని కోరిక. మొదటి ముచ్చట దాదీ షహజాది బేగందే. వంటవాళ్లు రాకపోతే ఒక పెళ్లికి ఒక్కతే నిలబడి బగారా అన్నం వండిన కథ.

మైకుంది, లాప్‌టాప్ ఉంది. రికార్డయ్యేది ఎప్పటికప్పుడు వినడానికి హెడ్‌ఫోన్ ఒక్కటే తేలాలి. మేడ్చల్‌లో దుకాణం నడిపే సర్ఫరాజ్ మూడు ఇచ్చి, నచ్చింది ఉంచుకుని మిగతా రెండూ సాయంత్రానికి తెచ్చివ్వమన్నాడు.

ఎంచే పని ఖాలిక్‌ది.

జీడిమెట్ల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు ఫిట్టరు పని చేశాడతను. ఏ మోటారు మొరాయించినా "ఖాలిక్ భాయ్‌ని పిలువుండ్రి" అనేవాళ్లు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన మోటారుకి, పిడి తన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, "ఎనుక బేరింగు పోయింది," అనేవాడు. విప్పి చూస్తే అదే. రిటైరై ఏడాదైంది. అప్పటి నుంచి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కొడుకు అదీబ్ అయితే, "కూసో అబ్బా, ఆరాం తీస్కో," అని కుర్చీ కూడా తెచ్చి బయట వేశాడు.

పోయిన వారం ఆఫ్షీన్ వచ్చి, "దాదా, ప్రతి ఆదివారం నువ్వే ఇనాలె. నువ్వు సరే అంటెనే నెట్ల వెడత," అంది. ఆ రోజు నుంచి ఖాలిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు.

ఇందాక మొదటి హెడ్‌ఫోన్ పెట్టుకోగానే, "గడియారం కొట్టుకుంటాంది," అన్నాడు. ఈ గదిలో గడియారమే లేదంది షహజాది బేగం. ఆఫ్షీన్ బీరువా తెరిచి చీరల కింద చెయ్యి పెడితే పాత అలారం గడియారం దొరికింది. దాన్ని బయటపెట్టి వచ్చాక, "ఇంగోటున్నది. సన్నగ. గ్రీసు ఎండిన బేరింగు లెక్క కూస్తాంది," అన్నాడు.

"నాకేం ఇనొస్తలేదు దాదా."

"నీయి పాటలు ఇన్న చెవులు. నాయి బేరింగులు ఇన్న చెవులు."

రెండోదానిలో ఆ కూత ఇంకాస్త పెరిగింది. ఇప్పుడు మూడోది తొడుక్కున్నాడు. అన్నిట్లోకీ ఖరీదైనది. మెత్తటి దిండ్లలా చెవుల్ని నిండుగా కప్పేసింది. అందులో మరీ గట్టిగా ఉంది కూత.

"పైసలు పెరిగినకొద్ది రోగం పెరుగుతాంది," అన్నాడు. "సర్ఫరాజ్ నిన్ను ముంచిండు బేటీ."

"ముంచలే. నువ్వే పరేషాన్ జేస్తున్నవ్," అంది షహజాది బేగం. "మా నిఖా నాడు గూడ గింతే. బ్యాండు తాళం తప్పిందని గుర్రం దిగిండు."

"తప్పిందా, లేదా?"

"తప్పింది గని, దిగుతరా?"

ఆఫ్షీన్ ఫోన్ చూసుకుంది. మూడున్నర. "దాదా, కరెంటొస్తే ఇయ్యాల్టి పని పాయె. రెండోది ఉంచుకుందం. నువ్వు బయట కూసో, నేనే వెట్టుకొని ఇంట."

ఆమె మామూలుగానే అంది. ఖాలిక్‌కి మాత్రం బయట వేసిన కుర్చీ కళ్ల ముందు కనబడింది.

"ఒక్క అయిదు నిమిషాలియ్యి," అన్నాడు. "సప్పుడు యాడికెల్లొస్తాందో తెల్వకపోతే మా ఫిట్టర్లు ఏంజేస్తరో ఎర్కేనా? ఒక్కోటి బంద్ జేసుకుంట పోతరు. ఏది బంద్ జేస్తె సప్పుడు ఆగుతదో, గదే దొంగ."

"సరే. జల్దీ దాదా."

"ఆ ఫోను బంద్ జెయ్యి."

చేసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"బేగం, గాజులు దియ్యి."

"ఇంగేం దియ్యాలె, ముక్కుపుల్లనా?" గొణుగుతూనే తీసి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

"లాప్‌టాపు."

ఆఫ్షీన్ దాన్ని కూడా ఆపేసింది. ఖాలిక్ కళ్లు మూసుకున్నాడు. మునుపు మోటార్ల ముందు నిలబడినట్టే వంగి, వేళ్లతో వైరు తడుముకుంటూ పోయి పిన్ను కూడా లాగేశాడు. కూత ఇంకా వినబడుతూనే ఉంది. అతని ముఖం వెలిగింది.

"ఇగ మిగిలింది గిదొక్కటే. దొరికింది దొంగ! మాట్లాడకుండ్రి, ఊపిరి గూడ మెల్లగ."

ఇద్దరూ బిగుసుకుపోయి అతన్నే చూస్తున్నారు. బొంతలు కట్టిన ఆ గదిలో చీమ నడిచినా వినబడేటట్టుంది. ఖాలిక్ రెండు చేతులతో హెడ్‌ఫోన్ తీసి మనవరాలి ఒళ్లో పెట్టాడు.

అతని చెవుల్లో కూత ఆగలేదు.