దానవాయిపేటలో పంచకం

జీవరాజు అద్దె నాలుగు వేలు పెంచుతానని చెప్పిన వారానికే, కింద వాటాలో ఓ ముసలాయన మంచం పట్టాడు.

"మా నాన్నగారండి," అన్నాడు ఆ వాటాలో అద్దెకుండే జానకిరామ్, గొంతు తగ్గించి. "ఊళ్ళో చూసేవాళ్ళు లేక నిన్ననే తీసుకొచ్చాం. డాక్టర్లు చేతులెత్తేశారండి."

"అయ్యో పాపం," అన్నాడు జీవరాజు. మనసు మాత్రం రాబోయే కొత్త అద్దె పద్దెనిమిది వేల మీదే ఉంది. ఎందుకుండకూడదు? ఇది రాజమండ్రిలో దానవాయిపేట. మెయిన్‌రోడ్డు మీద కిలో నలభై అన్న టమాటా, బండి ఈ వీధిలోకి తిరగ్గానే అరవై అవుతుంది. గోదావరి దాటితే అన్నీ కొబ్బరితోటలే, అయినా ఇక్కడ బొండాం యాభై. బండివాడికున్న తెలివి ఇంటి ఓనరుకి ఉండొద్దా? అందుకే ఏటా పెంచుతాడు. ఆయన్ని చూసి వీధంతా పెంచుతుంది. అద్దెల విషయంలో ఆ పేటకి ఆయనే గురువు.

కొత్త అద్దెకి మంచిరోజు చూద్దామని మేడ మీదకి వెళ్ళి పంచాంగం తిప్పాడు. గుండె ఆగినంత పనైంది. ఎల్లుండే ధనిష్ఠ!

ధనిష్ఠతో మొదలయ్యే అయిదు నక్షత్రాల్లో, అంటే పంచకంలో, ఇంట్లో ఎవరైనా పోతే, ఆ ఇంటికి తాళం వేసి ఆర్నెల్లు పాడుపెట్టాలంటారు. కింద వాటా ఒక్కటే కాదు, మేడతో సహా. అంటే అద్దె రాకపోగా, జీవరాజే పెట్టెబేడా సర్దుకుని అద్దింటికి పోవాలి. అదీ ఈ పేటలో, తను నేర్పిన రేట్లకి. లెక్క వేసుకుంటే చెమట పట్టింది. తన వీధిలో అద్దెకుండే స్తోమత తనకే లేదు.

ప్రకాష్‌నగర్‌లో రెండిళ్ళున్న స్నేహితుడు అచ్చిబాబుకి ఫోన్ చేశాడు.

"పోయిన నెల పంచకంలో మాకూ ఇదే గండమండి," అన్నాడు అచ్చిబాబు. "అద్దెకున్నవాళ్ళ మావగారు. ఏం చేస్తాం, అడిగిందల్లా పెట్టాను. దేవుడి దయ, గట్టెక్కాడు. మీరూ అంతేనండి, పెద్దాయన మనసు కష్టపెట్టకండి."

ఇక చూడాలి జీవరాజు సేవ. పొద్దున్నే బొండాం, పదింటికి యాపిల్, సాయంత్రం బాదంపాలు. రోజుకి ఒక్కసారి మోటారు వెయ్యడానికే ప్రాణం ఉసూరుమనే మనిషి, ముసలాయన మొహం కడుక్కోవాలంటే పరుగున వెళ్ళి స్విచ్చి వేశాడు. డాక్టర్నీ పిలిపించాడు. ఆయన నాడి పట్టుకుని, అయిదొందలు జేబులో వేసుకుని, "వయసండి. బెంగ లేకుండా చూసుకోండి," అని వెళ్ళిపోయాడు.

"ఈ వయసులో బెంగేంటయ్యా?" అన్నాడు జీవరాజు.

జానకిరామ్ నేలచూపులు చూశాడు. "ఇల్లు ఖాళీ చెయ్యాలేమోనని మేం అనుకుంటుంటే ఆయన చెవిన పడిందండి. ఆయన ఉండబట్టే మేం ఇంకా ఈ ఇంట్లో ఉన్నామండి. మాకు దేవుడండి ఆయన."

జీవరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కోసం తిరిగినవే అయినా అవి నిజం నీళ్ళే.

ధనిష్ఠ వచ్చిన రోజు పొద్దున్నే ముసలాయనకి ఎగశ్వాస మొదలైంది. జానకిరామ్ భార్య రమ్యశ్రీ గ్లాసులో తులసినీళ్ళతో సిద్ధంగా నిలబడింది. తెల్లవారుజామునే పంచకం మొదలైపోయింది. జీవరాజు గోడ మీది కేలండర్నీ, ముసలాయన గుండెనీ మార్చి మార్చి చూశాడు.

"ఆస్పత్రికి తీసుకుపోదామయ్యా, ఖర్చు నాది!"

"కదిపితే కష్టమండి. గేటు దాకా కూడా ఆగరేమో."

గేటు లోపలంతా జీవరాజు ఇల్లే. ఆయన మంచం పక్కన కూలబడ్డాడు.

"పెద్దాయనా, అద్దె పెంచనండి. మూడేళ్ళు పెంచను. మీ అబ్బాయిని ఎవరూ కదపరు. మీరు నిశ్చింతగా వెళ్ళి... కాదు కాదు, నిశ్చింతగా ఉండండి!"

ముసలాయన పెదాలు కదిలాయి. జీవరాజు చెవి దగ్గర పెట్టాడు.

"నోటిమాట... గాల్లో కలిసిపోద్ది బాబూ..."

జీవరాజు మేడ మీదకి పరిగెత్తి స్టాంపు పేపరు తెచ్చాడు. పాత అద్దె పద్నాలుగు వేలే అని రాశాడు. ముసలాయన ఊపిరి గట్టిగా ఎగపీల్చాడు. జీవరాజు హడలిపోయి, అది కొట్టేసి పన్నెండు వేలని రాసి సంతకం పెట్టాడు.

ఏం మహిమో, సిరా ఆరకముందే ఆయాసం తగ్గింది. కాసేపటికి ముసలాయన లేచి కూర్చుని చారన్నం తిన్నాడు. రెండోసారి వడ్డించమన్నాడు.

"ఇక్కడుంచి మీకు ఇబ్బందెందుకండి," అన్నాడు జానకిరామ్. "కాస్త తేరుకున్నారు కదా, ఇప్పుడే ఊరికి పంపించేస్తాను."

జీవరాజు ఆనందానికి అంతులేదు. కారు డబ్బులు బలవంతంగా జానకిరామ్ చేతిలో పెట్టాడు. ముసలాయన కాళ్ళకి దండం పెట్టి, 'బతికించావురా దేవుడా' అనుకుంటూ మెట్లెక్కాడు.

మేడ మీద తలుపు పడిన చప్పుడు వినిపించగానే ముసలాయన దుప్పటి మడతపెట్టి, చెప్పులు తొడుక్కుని, "నా డబ్బులిప్పించేయండి జానకిరామ్‌గారూ, పంచకం వెళ్ళేలోగా ఇంకో రెండిళ్ళలో మంచం పట్టాలి," అన్నాడు.