తమ్ముడికి నచ్చిన పెట్టె

“చక్రం ఊడితే పూచీ ఎవరిది? మీదా, చక్రానిదా?” అన్నాడు తమ్ముడు, గల్లాబల్ల మీద దర్జాగా కూర్చుని.

సూట్‌కేసుల కొట్టు యజమాని మొదట నోరు తెరిచాడు. తర్వాత నవ్వేశాడు. బేరానికొచ్చినవాళ్లను చాలామందిని చూశాడుగానీ, ఇలా బల్లెక్కి దబాయించే శాల్తీని చూడటం ఇదే మొదలు. పక్కన నిలబడ్డ అన్న సిగ్గుతో తల దించుకున్నాడు. ఇద్దరివీ ఒకే తాను గుడ్డతో కుట్టించిన నీలం కోట్లు. అన్న కుడిచెయ్యి మాత్రం తమ్ముడి వీపు దగ్గరే ఉంది, ఎక్కడ పడిపోతాడో అన్నట్టు.

“ఏడాది గ్యారంటీ ఉంది బాబూ,” అన్నాడు యజమాని. ఎవరి మొహం చూసి చెప్పాలో తెలియక ఇద్దరికీ కలిపి చెప్పాడు.

“ఏడాదా? వారానికో ఊరు తిరిగేవాళ్లమండీ మేం. మీ ఏడాది మాకు నెలలో అయిపోతుంది.”

పక్క వరసలో సంచులు చూస్తున్న ఒకావిడా, ఆమె చేయి పట్టుకున్న చిన్నపిల్లా ఇటు తిరిగారు. పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వే మొహం ఒక్కటి కనపడితే చాలు, తమ్ముడికి పట్టపగ్గాలుండవు.

జనాన్ని నవ్వించడమే ఆ అన్నదమ్ముల వృత్తి. స్టేజీ మీద తమ్ముడు అంటుంటాడు, అన్న పడుతుంటాడు. పోయినేడు ఒక రైల్వేస్టేషను మెట్ల మీద వాళ్ల పాత పెట్టె చక్రం ఊడింది. పెట్టె దొర్లింది. దానితోపాటు తమ్ముడూ అడుగుమెట్టు దాకా దొర్లాడు. దవడ విరిగింది, మెడ తిరిగిపోయింది. బాగయ్యేసరికి నెలలు పట్టింది. ఈలోగా అన్న ధైర్యం చేసి ఒంటరిగా ఒక స్టేజీ ఎక్కాడు. నోరు పెగల్లేదు. దిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఇక ఎవరూ పిలవలేదు.

ఇన్నాళ్లకి ఊరూరా ఉన్న పిల్లల ఆసుపత్రుల్లో ఆడమని పిలుపొచ్చింది. మొదటి ఆట రేపే. అది పండితే చేతినిండా పని. లేకపోతే నీలం కోటు విప్పేసి ఇంకో పని వెతుక్కోవడమే. సాయంత్రం విమానం. పెట్టె మాత్రం ఇంకా దొరకలేదు. రేపటి ఆట గురించీ, విమానం గురించీ తమ్ముడు అప్పటికే కొట్లో అందరికీ చాటేశాడు.

యజమాని తళతళలాడే గులాబీరంగు పెట్టె తెచ్చాడు. “ఇది ఇప్పుడు బాగా పోతోంది.”

“పోతోంది సరే, తిరిగొస్తోందా?” అన్నాడు తమ్ముడు.

అన్న ఎడంచేత్తో దాన్ని అటూ ఇటూ లాగాడు. పిడి గడగడలాడింది. తల అడ్డంగా ఊపాడు. రెండోదాని చక్రాలు బయటికి పొడుచుకొచ్చి, ఏ గడపకు తగిలినా విరిగేలా ఉన్నాయి. మూడోది రాయిలా గట్టిగా ఉంది కానీ, కాస్త పెద్దది.

“ఇదైతే విమానంలోకి చేతిలో పట్టుకెళ్లనివ్వరండి. సామాన్లలో వేసెయ్యాలి,” అన్నాడు యజమాని.

“అమ్మో, సామాన్లలోనా!” తమ్ముడు కెవ్వుమన్నాడు. “వాళ్లు విసిరే విసురుకి ఇంకేమన్నా ఉందా! మా పెట్టె మా అన్న చెయ్యి దాటకూడదు. ఆయన బతుకుతెరువంతా అందులోనే ఉంటుంది.”

అన్నకి దగ్గొచ్చింది. యజమాని మంచినీళ్ల సీసా అందించాడు. అతను తాగినంతసేపూ తమ్ముడు కిక్కురుమనలేదు. కొట్లో ప్రశాంతంగా ఉన్నది ఆ కాసేపే.

చివరికి పైఅరలోంచి ఒక నల్లపెట్టె దిగింది. చూడ్డానికి ఏ హంగూ లేదు. రెండే చక్రాలు, కానీ పెద్దవి, సగం లోపలికి దూరి ఉన్నాయి. మూలలకు రబ్బరు తొడుగులు. లోపలంతా మెత్తటి గుడ్డ.

“చక్రాలు అరిగితే మర విప్పి కొత్తవి వేసుకోవచ్చు. మీవాడికి తగ్గ పెట్టె ఇదే,” అన్నాడు యజమాని, తమ్ముడి పక్కన దాన్ని నిలబెట్టి చూస్తూ.

“ముందు నా బరువు ఆగుతుందేమో చూడండి.”

అన్న వాణ్ణి ఎత్తి పెట్టె మీద కూర్చోబెట్టాడు. యజమాని వయసు మరిచిపోయి కొట్టంతా ఒక చుట్టు లాగాడు. అన్న పక్కనే ఒంగి పరుగెత్తాడు. “తప్పుకోండి, తప్పుకోండి! పెద్దమనిషి వస్తున్నాడు!” అని తమ్ముడు అరుస్తుంటే పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

“విమానంలో కిటికీ సీటు నీదేనా?” అడిగింది.

“ఎక్కడిది తల్లీ! మా అన్న పరమ పిసినారి. నాకసలు టికెట్టే కొనడు.”

యజమాని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. “రేపు మీ ఆటకి తిరుగులేదు. భయపడకు బాబూ.”

“నాకేం భయం? భయమంతా మా అన్నకే. కొత్తవాళ్ల ముందు తనంతట తను నోరు విప్పి ఎన్నాళ్లయిందో, పాపం.” ఆ గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది.

అందరూ అన్న వైపు చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఇదే ఇవ్వండి,” అన్నాడు బొంగురుగా. “రేపు పిల్లలు నవ్వుతారండి. నాకు నమ్మకం కుదిరింది.”

ఆ మాట అనగలిగినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యం కంటే సంతోషం ఎక్కువ వేసింది. పిల్ల చప్పట్లు కొట్టింది. యజమాని అడక్కుండానే ధర తగ్గించాడు.

కొట్టు బయటికొచ్చాక అన్న నల్లపెట్టెను గోడవారగా ఆపి వాచీ చూసుకున్నాడు.

“టైమైంది. బయల్దేరదామా?”

“పద. ఈసారి మెట్ల దగ్గర జాగ్రత్త.”

“అలాగేరా,” అంటూ అన్న పెట్టె తెరిచాడు.

తమ్ముడి వీపులోంచి చెయ్యి బయటికి తీసి, వాడి చెక్కకాళ్లు మడిచి, అందులో పడుకోబెట్టాడు.