గీత మీద మట్టి

"మేడం, మన కొండకి సిమెంటు కొట్టేస్తున్నారు!"

ఫోన్లో డ్రైవర్ అరిచేసరికి రాళ్ళ మేడం గుండెల్లో రాయి పడింది.

ఇంకా నాలుగు రోజుల్లో సదస్సు. నలభై దేశాల నుంచి భూగర్భ శాస్త్రవేత్తలు వస్తున్నారు. సభ నడిపించడానికి ఇద్దర్ని ఎన్నుకున్నారు. ఒకరు తల పండిన ప్రొఫెసర్. రెండోది ఈవిడ.

ఎన్నుకున్నది ఈవిడ ముఖం చూసి కాదు, ఒక గీతను చూసి.

ఊరి బయట మలుపులో, రోడ్డు కోసం చెక్కిన కొండ గోడలో ఉందది. లక్షల ఏళ్ళ కిందట ఏదో అగ్నిపర్వతం రాల్చిన బూడిద పొర. వేలి మందం ఉంటుంది. రెండు వేసవులు రోడ్డుకి వీపు పెట్టి, రాతికి ముఖం పెట్టి, స్టూడెంట్లకి చెప్పుకుంటూ, తెల్లరంగుతో నంబర్లు వేసుకుంటూ అంగుళం అంగుళం కొలిచింది. వెనకాల లారీలు వచ్చేవి, ఆగేవి, మెల్లగా పోయేవి. ఆవిడ తల తిప్పేది కాదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది నీ పని," అని అత్తగారు నవ్వేది. ఎన్నికైనట్టు ఉత్తరం వచ్చిన రోజున మాత్రం, "ఎంత ఎలుకను పట్టింది మా కోడలు!" అని వీధంతా చెప్పుకొచ్చింది.

సదస్సు మొదటి రోజే అందరూ ఆ గీతను చూడాలి. కొండ రాళ్ళు జారిపడుతున్నాయని రోడ్డు శాఖ వాళ్ళు గోడకి సిమెంటు కొడతారని తెలిసి, గీత ఉన్న ఆ పది అడుగులూ వదిలేయమని మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. రాలేదంటే ఒప్పుకున్నట్టే అనుకుంది. చదువుకున్నవాళ్ళు చేసే తప్పే అది.

ఆదరాబాదరా వెళ్ళేసరికి మలుపులో మిషన్ హోరు. సిమెంటు గొట్టం ఇంకా యాభై అడుగుల దూరంలో ఉంది. కానీ గీత దగ్గర ఒక బక్కపలచటి ముసలాయన బకెట్టులోంచి తడి మట్టి తీసి రెండు చేతులా మెత్తుతున్నాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"ఒక్క నిమిషం అమ్మా. ఆ చివర ఒక్క అడుగు మిగిలింది. మట్టి ఉంటే..."

మిగతాది హోరులో కలిసిపోయింది.

"ముందు చేతులు తియ్యి! అదేంటో తెలుసా నీకు?"

"తెలుసమ్మా. బూడిద."

వెటకారమనుకుంది. ఒళ్ళు మండిపోయి రోడ్డు శాఖ ఇంజనీరుకి ఫోన్ చేసింది.

"ఆ మనిషిని ఇప్పుడే పంపించేస్తాను మేడం," అన్నాడాయన. "సిమెంటు ఆపాలంటే మాత్రం పైనుంచి కాగితం తీసుకురండి."

ఐదు నిమిషాల్లో మేస్త్రీకి కబురొచ్చింది. ముసలాయన బకెట్టు బోర్లించి, చేతులు తుడుచుకుని, ఆ మిగిలిన అడుగు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

కాగితం కోసం కాళ్ళరిగేలా తిరిగితే మర్నాడు సాయంత్రానికి చేతికొచ్చింది. తీరా చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిదరంగు సిమెంటు గోడ. నలభై దేశాల వాళ్ళకి ఏం చూపించాలి?

ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది.

"ఏమ్మా, నీ ఎలుక పారిపోయిందా?" అంటూ వచ్చిన అత్తగారు, కోడలి కళ్ళు చూసి పక్కన కూర్చుంది.

సదస్సుకి ముందు రోజు పొద్దున్నే సుత్తి పట్టుకుని వెళ్ళింది. ఎంత కొట్టినా సిమెంటు కదల్లేదు. చేతులు బొబ్బలెక్కాయి.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కడ కాదు మేడం! అక్కడ రాయిని పట్టేసింది. ఇటు కొట్టండి."

ఇటు ఒక్క దెబ్బ వేసింది. తలుపంత పెచ్చు ఊడి కింద పడింది. లోపల మట్టి. డ్రైవర్ బకెట్టుతో నీళ్ళు కొట్టాడు. మట్టి జారిపోయి గీత బయటపడింది, పైన తెల్లరంగు నంబర్లతో సహా.

ఆవిడ వేలితో ఆ నంబర్లు తడిమి చూసింది.

"మట్టి మీద సిమెంటు నిలవదు మేడం," అన్నాడు మేస్త్రీ. "పని ఆపడం మా చేతుల్లో లేదు. అందుకే ముసలాయన ఈ ఉపాయం చేశాడు."

అలా పెచ్చు పెచ్చుగా ఊడదీస్తే తొమ్మిది అడుగులు దక్కాయి. ఆయన మిగిలిందన్న ఆ చివరి అడుగు సిమెంటు కిందే ఉండిపోయింది.

"ఆయన్ని పిలిపించండి. రేపు సభలో అందరి ముందూ..."

"మీరు ఫోన్ చేసిన రోజే పనిలోంచి తీసేశారు మేడం. ఏ ఊరెళ్ళాడో తెలీదు."

ఆవిడ మట్టి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

"అది బూడిద అని ఆయనకెలా తెలుసు?"

"మీరు స్టూడెంట్లకి చెప్తుంటే విన్నాడట."

"నేనాయన్ని ఎప్పుడూ చూడలేదే!"

"ఎలా చూస్తారు మేడం, మీ ముఖం ఎప్పుడూ గోడవైపేనాయె, ఆ రెండు వేసవులూ మీ వీపు వెనకాల ఎర్రజెండా పట్టుకుని లారీలు ఆపింది ఆయనే."