ఆడైతే

పెనుకొండ దగ్గర హైవే పక్కన కొత్తగా అమ్యూజ్‌మెంట్ పార్కు తెరిచారని విని, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి సెలవు పెట్టి, ఎస్తేరు హిందూపురం నుంచి కూతురు పవిత్రను తీసుకొచ్చింది. తను ఇలాంటి చోటికి రావడం ఇదే మొదటిసారి.

పవిత్రకు మాత్రం ఏదీ కంటికి ఆనలేదు.

"ఇదేం జారుడుబండమ్మా! ఆడైతే మెలికలు మెలికలుగా ఉంటాది. ఆడైతే నీళ్లు అలల మాదిరి వస్తాయి."

ఆడ అంటే బెంగళూరులో. అక్కడ మేస్త్రీ పని చేసే మొగుడు సెలవులొస్తే పిల్లను పిలిపించుకుని, ప్రతిసారీ అక్కడి పార్కుకు తీసుకెళ్లేవాడు. బిడ్డంటే ఎంత ప్రాణమోనని ఎస్తేరు ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

జెయింట్ వీల్ పైకి లేవగానే ఎస్తేరు కళ్లు గట్టిగా మూసుకుంది.

"భయపడాకమ్మా. చిన్నమ్మ గూడా ఫస్టు ఇట్లే కండ్లు మూసుకుండె. నాయన చెయ్యి పట్టుకున్యాక తెరిచింది."

ఎస్తేరుకు చెల్లెళ్లు లేరు. మొగుడికి తమ్ముళ్లూ లేరు.

"ఏ చిన్నమ్మ?"

"నాయన రూములో ఉంటాది కదా, ఆయమ్మ. అట్లే పిలవమన్యాడు నాయన."

ఎస్తేరు కళ్లు తెరిచింది. ఎదురుగా పెనుకొండ కొండంతా ఉన్నా ఆమెకేమీ కనబడలేదు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

కిందికి దిగేసరికి ఫోన్ మోగింది. మొగుడే.

"ఎట్లుండాది మే పార్కు? పాపకు నచ్చిందా?"

"లేదు. పాపకు ఆడే బాగుండాదంట," అంది ఎస్తేరు. "నీకూ ఆడే బాగున్నట్టుండాది. ఇంక ఈడికి రావాకు."