మొదటి చుక్క

పోలీసు యాక్షన్ మొదలై అది మూడో రాత్రి. సికింద్రాబాదులోని ఆ ఆసుపత్రిలో దీపాలన్నీ ఆర్పేశారు. జ్ఞానశేఖర్ మాస్టారి రక్తం పరీక్షకని మద్రాసు వెళ్లింది. జబ్బు పేరేమిటో తెలియకముందే రైళ్లు ఆగిపోయాయి. రోజూ రాత్రి నర్సు రోసమ్మ ఆయన చెవి తమ్మెను సూదితో గుచ్చి, అర నిమిషానికోసారి అద్దుడు కాగితం అద్దుతుంది. మామూలు మనిషికైతే ఆరు చుక్కల్లో నెత్తురు ఆగాలి. ఆయనకు ఇరవై దాటుతోంది.

చీకట్లో ఒక చల్లని చేయి చెవిని తాకింది. సూది నొప్పే తెలియలేదు. చెవి పక్కనే ఎవరో మెల్లగా లెక్కపెట్టారు.

"లాభం... రెండు... మూడు..."

ఆరుతో ఆగిపోయింది. ఆయన హాయిగా కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి లాంతరుతో రోసమ్మ వచ్చింది. "జెర లేటయింది సార్. చెవి ఇటు తిప్పుండ్రి."

"ఇందాకే చేశావు కదమ్మా?"

"నేనా? ఇప్పుడే పైకొస్తున్న. కల గిట్ల పడ్డదా ఏంది?"

దిండు మీద కాగితం ఉంది. దాని మీద ఆరు ఎర్రటి చుక్కలు. చివరిది ఆవగింజంత.

మొదటి సోలను ఒకటి అనకుండా ‘లాభం’ అంటూ బియ్యం కొలిచేది మేబెల్. ఆయన భార్య. పోయి నాలుగేళ్లయింది. ఆయన రోసమ్మకు రెండో చెవి అందించాడు.

సూది దిగింది. రోసమ్మ కాగితం అద్ది నోరు తెరిచేలోగా, ఆమె వెనక చీకట్లో ఎవరో మెల్లగా అన్నారు.

"లాభం."

రోసమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. "సార్... మీరేనా అన్నది?"

"భయపడకమ్మా," అన్నాడాయన. "ఆరు దాకా ఆమెను లెక్కపెట్టనీ."